బిడ్డ లేని బాలింత

నా కుడి రొమ్ము తీసేసిన సంగతి ఊరికి చెప్పడానికి మా నాయనకు నోరు రాలేదు. తర్వాత జరిగిన బాగోతమంతా అక్కడ మొదలైంది.

మా నాయన మగ్గం వదిలిపెట్టి హిందూపురం బెల్లం మండీలో తూకం వేసే పనికి కుదిరినవాడు. నోరు లేని మనిషేం కాదు. బెల్లం దిమ్మెలో ఇసుక కలిసిందని అనుమానం వస్తే తెలుగులో మొదలుపెట్టి, కోపం ముదిరేకొద్దీ కన్నడంలోకి దిగి, రెండు భాషల్లోనూ ఎదుటివాణ్ణి కడిగేసేవాడు. అలాంటి మనిషిని, నన్ను బెంగళూరు ఆసుపత్రి నుంచి దించుకొచ్చిన మరునాడు, మండీలో అందరూ చుట్టుకున్నారట.

"ఏమప్పా, నీ కూతుర్ని బెంగళూరుకు పిల్చుకొని పోయింటివంట. ఏమయింది పాపకు?"

నాయన తల వంచుకుని, త్రాసు పళ్లెం తుడుస్తూ, "ఏముందప్పా, ఆడోళ్ల సంగతి" అన్నాడట.

అంతకంటే ఏమంటాడు? నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి రొమ్ము అనే మాట ఏ మగవాడు అనగలడు, అందులోనూ కన్నకూతురి రొమ్ము? ఆడోళ్ల సంగతి, ఆసుపత్రి, పుట్టింట్లో మంచం. ఈ మూడింటినీ కలిపి హిందూపురం తనే తూకం వేసుకుని, కానుపు అని తేల్చేసింది.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులవి. నాకు ముప్పై ఐదు దాటాయి. ధర్మవరంలో నా ఒక్కగానొక్క కొడుక్కి మీసాలు మొలుస్తున్నాయి. ఆ వయసులో నాకు మళ్లీ కానుపు అంటే ఊరికి మరీ ముచ్చటైంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆలైతే ఉంది, చూలే లేదు. సోమలింగం మాత్రం పుట్టేశాడు.

అసలు జరిగింది చెబుతాను. రొమ్ములో గడ్డ కందిగింజంత ఉన్నప్పుడు నేను పట్టించుకోలేదు. చింతగింజంత అయ్యాక మా ఆయనకు చెప్పాను. ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కూర్చుంటే భూకంపం వచ్చినా లేవని మనిషి, ఆ రోజు పోగు నేసే నాడె చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాడు. మరునాడే నన్ను హిందూపురం తీసుకొచ్చి మా నాయనకు అప్పగించాడు. మగ్గం మీద పెళ్లిచీరలు సగంలో ఉన్నాయి. "వస్తాలే" అని రైలెక్కి వెళ్లిపోయాడు.

నాయన, అవ్వ నన్ను బెంగళూరు తీసుకుపోయారు. రాచపుండు అన్నారక్కడ. డాక్టరమ్మ రొమ్ముతో పాటు చంకలోని గడ్డలు, ఎదమీది కండ కూడా తీసేసింది. తర్వాత లైటు వైద్యమని ఏదో చేశారు. దాంతో ఆ పక్క చర్మమంతా మాడిన దోసెలా నల్లబడింది. బతుకుతావులే అని చెప్పి పంపారు.

బతకడం సంగతి సరే. ఆయన రాలేదు. జాబు రాస్తాడని ఎదురుచూడటానికి లేదు, మా ఇళ్లల్లో చావుకు తప్ప జాబు రాసే అలవాటు లేదు. నాకు రాత్రింబగళ్లు ఒకటే గుబులు. ఒంటి రొమ్ము పెళ్లాన్ని ఆ మనిషి ఏలుకుంటాడా, లేక పుట్టింట్లోనే పడి ఉండనీ అనుకున్నాడా? ఈ ప్రశ్న ఎవర్నీ అడగలేక లోపల్లోపల నలిగిపోయాను. పుండు తినగా మిగిలినదాన్ని ఆ "వస్తాలే" తినేసింది.

ఇక మా అవ్వ సంగతి. అవ్వ అంటే మా నాయన తల్లి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మా వీధిలో ఎవరింట కానుపైనా ముందు అవ్వకే కబురు వచ్చేది. మంత్రసాని పని ముగించి వెళ్లాక అవ్వ రాజ్యం మొదలు. బాలింతకు ఏం పెట్టాలో, ఎప్పుడు పోయాలో, ఎటు తిరిగి పడుకోవాలో అన్నీ ఆమె చెప్పినట్టే జరగాలి. ఎదురు చెబితే ఆ ఇంటి ఛాయలకు కూడా మళ్లీ రాదు.

నన్ను మంచం మీద పడుకోబెట్టిన రోజే మూల గదికి వేపమండలు కట్టింది. తలగడ కింద ఇనుప ముక్క పెట్టింది. మంచం కింద నిప్పుల కుంపటి, గదినిండా సాంబ్రాణి పొగ. నా చెవుల్లో దూది కుక్కి, తల చుట్టూ గుడ్డ బిగించింది.

"అవ్వా, నాకు కానుపు కాలేదు కదే" అన్నాను.

"మాట్లాడొద్దు. ఒంట్లోకి గాలి పోతాది."

"కోసింది ఎదమీద. నడుముకు కట్టు ఏంటికి కడతాండావు?"

"నడుము గట్టిగుంటే పైదంతా గట్టిగుంటాది" అని నాలుగు చుట్లు చుట్టి ముడేసింది.

డాక్టరమ్మ గాయానికి తడి తగలకూడదని చెప్పింది. అవ్వకు బాలింతకు వావిలాకు నీళ్లు పోయకపోతే నిద్ర పట్టదు. ఇద్దరికీ మధ్య సంధి కుదిర్చింది నేనే. ముందువైపు డాక్టరమ్మది, వెనకవైపు అవ్వది. పొద్దున్నే నన్ను పీట మీద బోర్లా వంచి, వీపు మీద పొగలు కక్కే నీళ్లు చెంబులతో కొట్టేది. ముందువైపు చర్మం మాడి మండుతుంటే, వెనకవైపు ఉడికి ఎర్రబడేది.

తిండి మరీ ఘోరం. చన్నీళ్లు లేవు, పెరుగు లేదు, వంకాయ లేదు. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, మెంతుల ఉండ, సోయికూరను మా వైపు సబ్బసిగె అంటారు, ఆ ఆకు కూర. మొదట్లో గుర్తించలేదు. నాలుగో పూట సబ్బసిగె ఆకు వాసన చూశాక తెలిసొచ్చింది. ఇవన్నీ పాలు పడే తిండ్లు! రొమ్ము కోసేసిన మనిషికి పాలు పడే తిండి పెడుతోంది మా అవ్వ. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరికియ్యల్ల నేను పాలు? కుంపటికా?"

అవ్వ చలించలేదు. "పాలు పడేది వేరే, బలం పట్టేది వేరేనా? అంతా వొకటే. తిను" అంది.

తిన్నాను. తినక ఏం చేస్తాను? కుడిచెయ్యి కదలదు, ముద్ద కలిపి పెట్టేది ఆమే. వెర్రి వెయ్యి విధాలన్నారు గానీ, ఆమె వెర్రి ఒకటే విధం. దాన్నే వెయ్యిసార్లు చేసేది.

చెయ్యి సంగతి చెప్పాలి. డాక్టరమ్మ ఒక పని చెప్పి పంపింది. గోడకు ఎదురుగా నిలబడి, కుడిచేతి వేళ్లను గోడమీద నడిపిస్తూ పైపైకి ఎక్కించాలి, రోజూ కొంచెం కొంచెంగా. చెప్పినంత సులువు కాదది. వేళ్లు భుజం దాకా వెళ్లేసరికి చంకలోంచి ఎవరో తాడు పట్టి కిందికి గుంజినట్టుండేది. నేను అక్కడ నిలబడి గుడ్లనీళ్లు కుక్కుకుంటుంటే, మా ఇంటి బల్లి నా వేళ్ల పక్కనుంచే సరసరా దూలం దాకా ఎక్కిపోయేది. దాన్ని చూస్తే అంత అసూయ వేసేది నాకు. ఒకరోజు పట్టలేని కోపంతో చీపురు విసిరాను. ఎడమచేత్తో విసిరానేమో, అది పోయి సాంబ్రాణి కుండకు తగిలింది.

కొప్పు వేసుకోవడం రాదు. జుట్టు ముడవాలంటే రెండు చేతులూ వెనక్కి పోవాలి కదా. అవ్వ వేసేది. పెళ్లైన ఇన్నేళ్లకు మళ్లీ చిన్నపిల్లలా అవ్వ మోకాళ్ల మధ్య కూర్చుని తల దువ్వించుకోవడం నాకు నామోషీగా ఉండేది. అద్దం మాత్రం చూసేదాన్ని కాదు. రవికె ఒకవైపు నిండుగా, ఒకవైపు ఖాళీ సంచిలా వేలాడుతుంటే చూడబుద్ధి అయ్యేది కాదు.

అవ్వ అది గమనించింది. అడక్కుండానే పాత రవికె గుడ్డతో చిన్న తిత్తి కుట్టి, దూది కూరి తెచ్చింది. దూది బరువు లేదు. నడుస్తుంటే పైకి ఎగబాకి మెడ దగ్గరికి వచ్చేది. రెండోసారి తిత్తిలో ఉలవలు పోసి కుట్టింది. ఆహా, ఏం బరువు! ఉన్నచోట కదలకుండా కూర్చుంది. నిటారుగా నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత నాకు నేను మనిషిలా కనిపించాను. ఆ సంతోషంలో అద్దం కూడా చూసుకున్నాను.

అది ముసురు పట్టిన వారం. పైన వాన, కింద కుంపటి, వీపున వావిలాకు నీళ్లు, ఒంటినిండా చెమట. ఉలవలు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, వెచ్చని తావున పెడితే ఏమవుతుందో మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. నాకెందుకో తట్టలేదు. ఒక పొద్దున ఎదమీద చక్కిలిగింత పెడుతున్నట్టు అనిపించి తిత్తి తీసి చూస్తే, గుడ్డలోంచి తెల్లగా, సన్నగా మొలకలు తొంగి చూస్తున్నాయి.

నేను కెవ్వున అరిచాను. అవ్వ పరుగెత్తుకొచ్చి, తిత్తి విప్పి, మొలకలు చేతిలో పోసుకుని మురిసిపోయింది.

"ఎంత బాగా మొలిచినాయో చూడే! కుండలో పెట్టినా ఇట్ల మొలవవు."

"పారెయ్యి అవ్వా, నీకు దండం పెడతా."

"అన్నం పెట్టే గింజల్ని పారేస్తారా ఎవురన్నా?" అని కడిగి చారు పెట్టేసింది. ఆ పూట నేను ఆకలి లేదన్నాను. ఏమీ తెలియని మా నాయన మాత్రం మొలకల చారు ఇంత కమ్మగా ఎప్పుడూ కుదరలేదని మళ్లీ మళ్లీ పోయించుకుని తాగాడు. తర్వాత తిత్తికి మళ్లీ దూదే గతి అయింది.

ఇక వచ్చేపోయే వాళ్లు. వాళ్లందరికీ అవ్వ ఒకే జవాబు చెప్పేది, "తల్లి బాగుండాది." రాచపుండు అంటే ఊరు మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగదని అవ్వకు భయం. అలాగని అబద్ధమూ చెప్పదు. తల్లి బాగుంది అనేది నిజమే, నేను ఒక బిడ్డ తల్లినే. ఆ బిడ్డ ధర్మవరంలో మీసాలు దువ్వుకుంటున్నాడని అడిగినవాళ్లకు తెలియదు, అంతే.

బిడ్డ ఏడుపు వినబడదు, ఉయ్యాల లేదు. కాబట్టి వీధి రెండుగా చీలింది. బిడ్డను దిష్టికి భయపడి దాచారని సగం మంది. పుట్టగానే పోయిందని సగం మంది. రెండు వర్గాల వాళ్లూ ఒకే మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు.

ముందు వచ్చింది గాజుల సాయిబు భార్య. మా వీధి చివరే వాళ్ల అంగడి. పసిబిడ్డకు దిష్టి తగలకుండా చిన్న నల్లగాజులు కాగితంలో చుట్టి తెచ్చింది. ఆమె ఇంకా కూర్చోలేదు, వాకిట్లోనే పెద్దగా శోకం మొదలైంది. మాకు పిన్నమ్మ వరసయ్యే ఆమె, ఎక్కడ చావు జరిగినా మొదటి ఏడుపు తనదే అయి తీరాలి.

"అయ్యో, బంగారట్లాది పాయెనే! కండ్లారా చూడకనే పాయెనే! నీ ఒంట్లోదే, నీ రక్తమే, నిన్నిడిసి ఎట్ల పాయెనే!"

గాజులామె ఉలిక్కిపడింది. "ఏమ్మా, బిడ్డ పండుకొనింటే ఆడ నిలబడి ఏడుస్తాండావేంది?"

"యాడుండాది బిడ్డ? బిడ్డ పోయి ఎన్నో దినాలాయె!"

"ఎవురు చెప్పిరి నీకు? దినమూ సబ్బసిగె ఆకు వాసన వస్తాండాది. పాలు తాగే బిడ్డ లేకుంటే సబ్బసిగె ఆకు ఏంటికి వండుతారు?"

"పోయిందానికి గుర్తు, తల్లి మొగం చూడు!"

"ఉండేదానికి గుర్తు, కుంపటి చూడు!"

వాదన ముదిరింది. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి, నువ్వే చెప్పమన్నారు. నా చెవుల్లో దూది ఉంది, వినబడలేదన్నట్టు గోడకేసి చూశాను. పిన్నమ్మ ఊరుకుంటుందా? నా పక్కనే కూలబడి, నా చేయి పట్టుకుని, శోకం మళ్లీ ఎత్తుకుంది. నీ ఒంట్లోదే, నీ రక్తమే, నిన్నిడిసి ఎట్ల పాయెనే.

ఏం జరిగిందో నాకే తెలియదు. నేను ఏడ్చేశాను. గొంతు చించుకుని ఏడ్చాను. పోయింది నా ఒంట్లోదే, నా రక్తమే. నా కొడుకు పాలు తాగిన రొమ్ము అది. అది పోయిన నాటినుంచి బతికావు కదా, చాలదా అన్నవాళ్లే తప్ప, దానికోసం ఒక్కరైనా ఒక శోకం తీయలేదు. పిన్నమ్మ పొరపాటున తీసిన శోకంలో నా ఏడుపు నేను ఏడ్చుకున్నాను. పిన్నమ్మ "చూడు, నేను చెప్పలేదా!" అని గాజులామె వైపు గెలిచినట్టు చూసింది. గాజులామె నల్లగాజుల పొట్లం కిటికీలో పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని తనూ ఏడ్చింది. అవ్వ గడపలో నిలబడి ఎవరినీ ఆపలేదు. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.

మూడోనెలలో మంచిరోజు చూసి, బాలింతను అత్తింట దింపాలని అవ్వ పట్టు పట్టింది. పిలవకుండా ఎట్లా పోతానని నేను మొండికేశాను. "పిలిచేదేంది, మూడో నెలలో పంపేది ఆనవాయితీ" అంది. కొత్తచీర, పసుపు కుంకుమ, చలిమిడి, అన్నీ సిద్ధం. ఏ రైలుకు వస్తున్నామో మండీ బండ్లవాళ్ల చేత పెనుకొండకూ ధర్మవరానికీ కబురు కూడా పంపింది. నాయన మమ్మల్ని స్టేషన్లో రైలెక్కించి మండీకి వెళ్లిపోయాడు.

మూడో తరగతి పెట్టె క్రిక్కిరిసి ఉంది. అవ్వ నన్ను ముందుకు తోసి, "బాలింతరాలప్పా, చోటియ్యండి" అని కేక వేసింది. జనం పక్కకు జరిగి కిటికీ పక్కన చోటిచ్చారు. అవ్వ ఒళ్లో చలిమిడి బుట్ట, దానిమీద తెల్లగుడ్డ. ఎదురుగా ఉన్న ముసలాయన ఆ గుడ్డవైపు చూసి, "మూసిపెట్టినావు, మంచి పని. గాలి తగలకూడదు" అన్నాడు. పక్కన ఎవరో బిగ్గరగా దగ్గితే ఆ ముసలాయనే, "మెల్లగప్పా, లేస్తాది" అని గదిమాడు. పెట్టె పెట్టంతా గొంతు తగ్గించి మాట్లాడుకోసాగింది. చలిమిడి నిద్ర చెడకుండా పెనుకొండ దాకా వచ్చాం.

పెనుకొండ స్టేషన్లో మా ఆయన మేనత్త నిలబడి ఉంది. తల్లి లేని ఆయన్ను పెంచి పెద్దచేసింది ఆమె. ఆమె వెనక ఒక కూలీ, కూలీ నెత్తిన కొయ్య ఉయ్యాల. రైలు ఆగీ ఆగకముందే ఉయ్యాలను కిటికీలోంచి తోయడం మొదలుపెట్టారు. ఉయ్యాల పట్టదు, కిటికీ ఒప్పుకోదు. చివరికి జనం తలల మీదుగా తలుపులోంచి చేర్చారు. వెనకే అత్త ఎక్కింది.

"బిడ్డ యాడ?" అంది.

అవ్వ కిటికీలోంచి కొండను చూడసాగింది.

"బిడ్డ లేదత్తా" అన్నాను. గుసగుసగా చెవిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త మొహంలో రంగులు మారాయి.  ఠపీమని నెత్తి కొట్టుకుంది.

"అందుకా వాడు అట్ల వచ్చి పండుకొనింది! నేనేమో పురుడు ఖర్చులకు దిగులు పడినాడనుకుంటి."

"ఎవురు?"

"ఎవురేమి, నీ మొగుడే. హిందూపురం పోయి నిన్ను చూస్తానంటే మీ అవ్వ గడప తొక్కనీలేదంట కదా. ఒకసారి కాదు, పోయినప్పుడల్లా. అరుగు మీద కూర్చోబెట్టి, బెల్లం పానకం ఇచ్చి, వెనక్కి పంపిందంట. రైలు దిగి నేరుగా నా ఇంటికాడికి వచ్చి, గోడ తట్టు తిరిగి పండుకునేవాడు. అన్నం తినేవాడు కాదు."

నేను అవ్వవైపు తిరిగాను. నా చెవుల్లో దూది కుక్కి, మూలగదిలో పడుకోబెట్టి, నా మొగుణ్ణి అరుగు మీంచి పంపేసింది! నాకోసం వచ్చిన మనిషి రాలేదని, నేనంటే ఆయనకు రోత పుట్టిందని, గోడమీద వేళ్లు పెట్టినప్పుడల్లా కుమిలిపోయాను నేను.

"ఎంత పని చేస్తివే ముసలిదానా!" అని అరిచాను. ముసలాయన చలిమిడి లేస్తుందని చేత్తో సైగ చేశాడు. నేను లెక్కచేయలేదు.

"బాలింతింట్లోకి మొగోడు ఎట్లొస్తాడే?" అంది అవ్వ.

"నేను బాలింతనా?"

అవ్వ బుట్టమీది గుడ్డ సర్దింది. నా మొహం చూడకుండా చెప్పింది. "ఆడది మంచం పట్టేది రెండిటికే. కానుపుకు, లేకుంటే కాటికి. రెండోదానికి నా కాడ వైద్యం లేదు. మొదటిదానికి చేసిన వాళ్లంతా బతికినారు. అందుకే అదే చేసినా. అందులో ఒకటి చేసి ఒకటి ఇడిస్తే పని చెయ్యదేమో అని భయం. మొగుణ్ణి రానిస్తే యాడ చెడుతాదో అనుకుంటి. నువ్వు బతికితివా, లేదా?"

నాకు ఏడుపొచ్చింది. కోపమూ పోలేదు. రెండూ కలిసి వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక, అవ్వ చేయి గట్టిగా గిల్లాను. ఆమె గిల్లించుకుంది. ఇంతలో పెట్టెలో తీర్పులు మొదలయ్యాయి. పదకొండో నాటికి మొగుడు చూడొచ్చని ఒకాయన, నెల దాటాలని ఇంకొకామె. ముసలాయన మాత్రం, ఇంత రభసలోనూ కదలని బిడ్డను చూసి ఆశ్చర్యపోతూ, ధర్మవరం వచ్చేదాకా చలిమిడి బుట్టకు విసురుతూనే ఉన్నాడు.

ధర్మవరంలో జట్కా దిగేసరికి మా వాకిట్లో వీధి వీధంతా ఉంది. పక్కింటామె ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని ఎదురొచ్చింది. నా కొడుకు సిగ్గుతో మిద్దె ఎక్కి కూర్చున్నాడట.

"మీ ఆయన చక్కెర పంచినాడు" అంది ఆమె నవ్వుతూ. "యుద్ధంలో దొరకని చక్కెర, యాడ పట్టుకొచ్చినాడో! మొగబిడ్డా ఆడబిడ్డా అంటే మాత్రం చెప్పడు. యాడ బిడ్డ?"

చక్కెర పంచాడట! అడిగిన వాళ్లకు నిజం చెప్పడం చేతగాక చక్కెర పంచిన మనిషి. అక్కడ మండీలో మా నాయన, ఇక్కడ మగ్గం గుంతలో ఈయన, ఇద్దరికీ ఒకే మాట దగ్గర నాలుక మడతపడింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. మగా ఆడా అందరూ ఉన్నారని చూడలేదు.

"బిడ్డ లేదు. కానుపూ కాలేదు. రొమ్ములో పుండు పడితే రొమ్ము కోసి తీసేసినారు. ఇదిగో, ఈ పక్కది."

 మగవాళ్లు నేల చూశారు. పళ్లెం పట్టుకున్నామె నావైపే చూస్తూ పళ్లెం వంచేసి ఎర్రనీళ్లు ఒలకబోసింది. ఆమెకు ఏం చేయాలో తోచలేదు పాపం. అవ్వవైపు తిరిగి, "అయితే దిష్టి తియ్యల్లనా, వద్దా?" అని అడిగింది.

"తియ్యి, తియ్యి. చావును చూసొచ్చిన మనిషికి కాకుంటే ఎవురికి తీస్తావు?" అంది అవ్వ. దిష్టి తీశారు. ఉయ్యాలను లోపల ఒక మూల పెట్టారు. తర్వాత చాలా ఏళ్లు దాంట్లో మగ్గానికి కావలసిన నూలు కండెలు పోసుకున్నాం.

ఆయన మగ్గం దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను వాకిట్లో అన్నదంతా విన్నాడు. లోపలి గదిలోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. తలుపు వేసి, గోడవంక చూస్తూ, "నేను వచ్చింటి" అన్నాడు.

"తెలుసు. పెనుకొండలో తెలిసింది."

"చూడొచ్చునా?" అన్నాడు.

 ఇన్నాళ్లూ భయపడింది ఈ ఘడియకే. ఎడమచేత్తో రవికె ముళ్లు విప్పాను. దూది తిత్తి కిందపడింది. ఆయన నా భుజం పట్టి, చీర మగ్గం మీంచి దించి చూసుకునేటప్పుడు చేసినట్టే, "వెలుతురుకు తిరుగు" అని కిటికీవైపు తిప్పాడు. వంగి, మెడ దగ్గర్నుంచి చంక దాకా చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"కుట్టు వంకరపోయిండాది" అన్నాడు.

నేను కళ్లు తెరిచాను. "ఏమయ్యా, ఇన్ని నెలలకు పెండ్లాన్ని చూసి అనే మాటనా ఇది?"

"లేదే, ఈ కొసన చూడు. మరీ బిర్రుగా లాగినారు. ముడత పడిండాది. అంచుకు అంచు కలవలేదు" అన్నాడు. మొహం చూస్తే గంభీరంగా ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లు కారుతుండగానే, "ఇంత వంకర పని నేను చేసింటే షావుకారు చీర వాపసు ఇచ్చేవాడు" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. బెంగళూరు పోయినప్పటినుంచి నవ్వి ఎరుగను. నవ్వుతుంటే గాయం ఒక్కసారిగా గుంజింది. అబ్బా అని చంక పట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఆయన భయపడిపోయి నా చేయి పట్టుకున్నాడు.

"నొప్పి ఉండాదా?"

హిందూపురంలో, రైల్లో, పెనుకొండలో, ఈ వాకిట్లో, అందరూ ఏం బిడ్డ, యాడ బిడ్డ అనే అడిగారు. నొప్పి ఉందా అని ఎవరూ అడగలేదు. 

"ఉండాది" అన్నాను. "చానా ఉండాది."

ఆయన గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని, నన్ను మెల్లగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎక్కడెక్కడ నొప్పో చూపించమన్నాడు. ఒక్కోచోటే చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాను. చెప్పాల్సింది చాలా ఉంది. పగటిపూట మా మగ్గం చప్పుడు వినబడలేదని పక్కింటివాళ్లు కంగారుపడి తలుపు తట్టారు. మేం తీయలేదు.